కళాయి వేసిన సైకిలు

కిందటివారం గంగాధరరావును రాజోలు బస్సులో, ఒళ్ళో గుడ్డసంచీతో, మనసునిండా అనుమానంతో వదిలివచ్చాం. ఆ బస్సు ఇప్పుడు సఖినేటిపల్లి దాటి అంతర్వేది దారి పట్టింది. ఆయన దిగేలోపు, మధ్యలో పత్రిక చేతికందని వాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకోవాలి.

పోయిన కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు, గోదావరి సముద్రంలో కలిసే మొగలో వేసిన వల తియ్యడానికి నావ మీద వెళ్ళిన అప్పన్న వెనక్కి రాలేదు. పల్లిపాలెమంతా ఆశ వదులుకుంది. అతని తల్లి అచ్చాయమ్మ మాత్రం ఒడ్డున నిలబడి లక్ష్మీనరసింహస్వామికి మొక్కుకుంది. కొడుకు ప్రాణాలతో వస్తే వెండి గుర్రం మీద ఎక్కించి స్వామి గుమ్మం ముందుకు తీసుకొస్తానంది. మర్నాడు కొడుకు వచ్చాడు. వెండి గుర్రం ఎక్కడనుంచి వస్తుంది? ఆ ఇంట్లో మనిషిని మొయ్యగలిగినది అప్పన్న పాత నల్ల సైకిలు ఒక్కటే. దాన్నే వెండిలా చేసి ఇమ్మని తల్లీకొడుకులు రాజోలులో సైకిలు షాపు గంగాధరరావు దగ్గరకు తెచ్చారు. మొక్కు తీరేదాకా కొడుకు నావ ఎక్కకూడదని అచ్చాయమ్మ ఆన పెట్టింది. భీష్మ ఏకాదశికి తీర్చేద్దామనుకున్నారు. ఏకాదశి ముంచుకొస్తోంది. సైకిలు మాత్రం రెండుసార్లు అద్దంలా మెరిసింది, రెండుసార్లూ ఇంటికి వెళ్ళిన వారంలోపే ఎర్రగా తుప్పు పట్టి షాపుకు తిరిగి వచ్చింది.

గంగాధరరావు పనిలో లోపం చేసే మనిషి కాడు. రాజమండ్రిలో క్రోమియం పూత వేసేవాళ్ళను ముందే అడిగి వచ్చాడు. వాళ్ళ తొట్టిలో హ్యాండిలు పడుతుంది, రిమ్ములు పడతాయి, ఫ్రేము పట్టదు. పోనీ వెండిరంగు పూద్దామంటే, స్వామికి రంగు పులిమిన గుర్రమేమిటని అచ్చాయమ్మ ఒప్పుకోలేదు. అందుకని కాస్టిక్ సోడాతో నల్లరంగంతా ఊడదీసి, కిరసనాయిలులో తడిపిన గరుకు కాగితంతో ముతక నుంచి సన్నం దాకా రుద్దాడు. గొట్టాలు కలిసే మూలల్లో వేళ్ళు దూరని చోట పురికొస చుట్టి, కవ్వం తిప్పినట్టు ఇటూ అటూ లాగాడు. చివర తోలుముక్కతో, పాలిష్ సబ్బుతో మెరుగు పెట్టాడు. భార్య పద్మావతి వచ్చి అందులో చూసుకుని బొట్టు సర్దుకుంది కూడా. మొదటిసారి పైన కొబ్బరినూనె రాశాడు, రెండోసారి మైనం పట్టించాడు. అయినా తుప్పు ఆగలేదు.

ఉప్పుగాలి అనుకోవడానికి లేదు. అదే గాలిలో నూనె రాసి ఉంచిన కత్తులూ గొడ్డళ్ళూ వారాల తరబడి నిలుస్తున్నాయి. ఇనుము పని చేసేవాళ్ళలో ఒక మాట ఉంది. కొందరి చేతి చెమట ఇనుముకు పడదట. వాళ్ళు ముట్టుకున్న సుత్తీ ఉలీ కూడా తెల్లారేసరికి ఎర్రబడతాయట. అలాంటివాళ్ళను షాపుల్లో పనిలో పెట్టుకోరు. గంగాధరరావుకు ఆ భయం పట్టుకుంది. సంధ్యావందనం చేస్తూ అరచేతిలో నీళ్ళు పోసుకున్నప్పుడల్లా ఆ చేతినే చూసుకునేవాడు. చేసిన పాపమేదో చేతిలోంచి ఊరుతోందా అని తర్కించుకునేవాడు. మూడోసారి మెరుగు పెట్టేటప్పుడు రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని పని చేశాడు. పద్మావతి ఏమని అడిగితే బొబ్బలెక్కాయన్నాడు. ఆ సైకిలు మొన్న వాళ్ళింటికి చేరింది. దాన్ని ఆ ఇంట్లోనే, ఆ గాలిలోనే ఒకసారి కళ్ళారా చూడాలని ఇవాళ బస్సెక్కాడు.

బస్సు దిగి సరుగుడు తోటల మధ్య ఇసకదారిన నడిచి పల్లిపాలెం చేరేసరికి పొద్దు బారెడెక్కింది. మగవాళ్ళు వలలు సవరించుకుంటున్నారు. అచ్చాయమ్మ ఇల్లు అప్పన్న చెప్పిన గుర్తు ప్రకారమే, అరుగు మీద ఎండుచేపలు ఆరబోసి, వీధి మూలగా ఉంది. వాకిట్లో పిలిస్తే పలుకు లేదు. దొడ్డివైపు ఏదో రుద్దుతున్న చప్పుడు వినబడి, ఇంటి పక్కనుంచి వెళ్ళాడు.

స్టాండు వేసిన సైకిలు ఎండలో తళతళలాడుతోంది. దాని పక్కన గొంతుకూర్చుని అచ్చాయమ్మ అడుగు గొట్టాన్ని తోముతోంది. ఎడమచేతి పక్కన లోపల తెల్లగా ఉన్న ఇత్తడి గిన్నెలో నానబోసిన చింతపండు, ఆకులో గుప్పెడు కళ్ళుప్పు. ఆవిడ తోమిన మేర అప్పుడే మెరుగు చచ్చి, బూడిదరంగులోకి తిరుగుతోంది.

గంగాధరరావుకు జాలి కలిగింది. పాపం, దేవుడి సామాను తోమినట్టు తోముతోంది అనుకున్నాడు. స్వామి దగ్గరకు వెళ్ళేది కదా, రాగిచెంబుకీ హారతి పళ్ళానికీ చేసే మర్యాదే దీనికీ చేస్తోంది. ఇలాంటి తప్పు భక్తి ఉన్న ఇంట్లోనే జరుగుతుంది.

మెల్లిగా దగ్గి, "పెద్దమ్మగారూ, ఇత్తడిని తోమినట్టు దీన్ని తోమకూడదండి. చింతపండు ఇనుముని తినేస్తుంది," అన్నాడు.

అచ్చాయమ్మ ఉలిక్కిపడింది గానీ చేతిలో చింతపండు దాచలేదు.

"తెలుసు బాబూ," అంది. "కత్తిపీటకి చింతపండు అంటి ఒగ్గేస్తే తెల్లారేసరికి ఏమవుద్దో నాకు తెలీదా?"

ఆయనకు మొదట ఆ మాట బుర్రకెక్కలేదు. ఎక్కాక అక్కడున్న రోలు మీద కూలబడ్డాడు. తెలిసే చేసిందన్నమాట. రెండుసార్లు, ఇది మూడోసారి. మనిషన్నవాడికి అప్పుడు కోపం రావాలి. ఆయనకు కోపం రాలేదు. గుండెల మీదనుంచి ఎవరో గోతాం దించినట్టయింది. రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

ఎందుకు చేశావని అడక్కుండానే ఆవిడ చెప్పుకొచ్చింది. పెనిమిటి సముద్రంలోనే పోయాడు. ఆయన తమ్ముడూ అంతే. అప్పుడు ఎవరూ ఏమీ మొక్కుకోలేదు, ఎవరూ తిరిగి రాలేదు. ఈసారి మొక్కుకుంది, కొడుకు వచ్చాడు. ఇప్పుడు ఆ మొక్కు తీర్చేస్తే?

"తీర్చేస్తే సామికీ నాకూ చెల్లయిపోద్ది. మళ్ళీ ఆడు నావెక్కుతాడు. తీరనన్నాళ్ళూ ఆడు సామి సొమ్మండి. సామి సొమ్ముని సముద్రం ముట్టుకోదు."

దేవుడితో బేరమాడనివాడు కోనసీమలో ఎవడున్నాడు? గంగాధరరావు కూడా ఆడినవాడే. కానీ కొబ్బరికాయ కొడతానని చెప్పి, కొట్టకుండా ఉంటేనే మేలని లెక్కవేసిన మనిషిని ఆయన ఇంతవరకు చూడలేదు. అందులో తప్పు ఎక్కడుందో వెతికాడు. ఎంతసేపు వెతికినా ఆవిడ భయమే కనబడింది తప్ప తప్పు కనబడలేదు.

మొక్కు ఎగ్గొడితే స్వామికి కోపం రాదా అని మాత్రం అడిగాడు.

"ఎగ్గొట్టట్లేదుగా. ఎన్నిసార్లు రుద్దించేనో సామి చూస్తన్నారు. తుప్పడితే నేనేం చేసేది?"

"రుద్దింది నేనండి."

"ఆయ్. అందుకే మీకేం పాపం తగలదులెండి."

ఆ మాట అంత నమ్మకంగా అనేసరికి ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఈ నెలరోజులూ తను పడ్డ అవస్థ చెప్పాడు. తన చెమటే ఇనుముని తింటోందనుకున్నాననీ, చేతులకు గుడ్డలు చుట్టుకుని పని చేశాననీ, షాపు మూసేసి వేరే పని చూసుకోవాలేమో అనుకున్నాననీ.

అచ్చాయమ్మ మొహం వాడిపోయింది. ఇంతసేపూ దేవుడి ముందు నిలబడి వాదించిన మనిషి, ఈ మనిషి ముందు తల వంచేసింది. లేచి, చెంగుతో చెయ్యి తుడుచుకుని, ఆయన కుడిచెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్ళు ఉప్పుకీ పులుపుకీ పగిలి, చిన్నచిన్న పుళ్ళు పడి ఉన్నాయి.

"బంగారంలాంటి చెయ్యి బాబూ మీది. నాదే పాడు చెయ్యి."

"అమ్మా, ఆ చింతపండు అక్కడెట్టేయ్."

ఇద్దరూ తిరిగి చూశారు. తడికె పక్కన అప్పన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, తడికెను మాత్రం చిన్నపిల్లాడిలా పట్టుకుని ఉన్నాడు.

అచ్చాయమ్మ గబగబా ఏదో చెప్పబోయింది. అప్పన్న అడ్డంగా తలూపాడు.

"నాకు తెలుసమ్మా. మొదటిసారే చూసేను."

చూసి ఎందుకూరుకున్నాడో అతనే చెప్పాడు. చెప్పినది చాలా చిన్నమాట. సముద్రం నుంచి వచ్చాక నావలో కాలు పెట్టాలంటే అతని మోకాళ్ళు జారిపోతున్నాయి. ఒడ్డున నీళ్ళు పాదాలకు తగిలితేనే ఊపిరి ఆగిపోతోంది. తాతముత్తాతల నుంచి సముద్రం మీద బతికిన ఇంట్లో పుట్టి ఈ మాట ఎవరితో అంటాడు? నావ యజమాని కనకరాజు రెండుసార్లు కబురు పెట్టాడు. మొక్కు తీరలేదని చెబితే గౌరవంగా వెనక్కి తగ్గాడు.

"నువ్వు తోముతున్నంతసేపూ నేను అరుగు మీద పడుకుని వినేవోణ్ణి," అన్నాడు తల్లితో. "ఇంకో వారం బతికేను అనుకునేవోణ్ణి."

అచ్చాయమ్మ కొడుకు మొహంలోకి చూసింది. వాడు నావెక్కుతాడేమోనని ఆవిడ, ఎక్కాల్సి వస్తుందేమోనని వాడు, ఒకే తుప్పు చాటున దాక్కున్నారన్న సంగతి ఆవిడకు అప్పటికి తెలిసింది. దగ్గరకు వెళ్ళి, పగిలిన చేత్తోనే వాడి వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఎక్కనని ముందే చెప్పుంటే ఈ చేతులు ఇలా పుళ్ళు చేసుకునేదాన్నట్రా, సచ్చినోడా," అని నవ్వు మొదలెట్టి ఏడుపులో తేలింది. మళ్ళీ నవ్వింది. అప్పన్న కూడా నవ్వాడు. గంగాధరరావు వాళ్ళను అలా ఉండనిచ్చి, సైకిలు దగ్గరకు వెళ్ళి ఎంత మేర పాడైందో చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత మాటలు సులువుగా సాగాయి. కనకరాజుకు తనే వెళ్ళి చెబుతానన్నాడు అప్పన్న. ఒడ్డున దిగిన చేప ఎండెక్కకముందే రాజోలు మార్కెట్టుకు చేర్చడానికి మనిషి దొరక్క కనకరాజు ఎప్పుడూ విసుక్కుంటూనే ఉంటాడు. వెనకాల గంపకట్టి ఈ సైకిలు మీదే ఆ పని చెయ్యొచ్చు. సముద్రం మీద బతకనివాడు ఒడ్డు మీద బతకకూడదని ఎక్కడ రాసి ఉంది? అయితే మొక్కు ముందు తీరాలి. ఇప్పుడు ఆ మాట అన్నది అచ్చాయమ్మే.

"రేపు చేపల నీళ్ళు కారితే మళ్ళీ తుప్పడదా బాబూ?" అంది.

నిజమే. చింతపండు ఆపేసినంత మాత్రాన ఉప్పు ఆగదు. గంగాధరరావు కింద ఉన్న ఇత్తడి గిన్నెకేసి చూశాడు. చిక్కటి చింతపండు పులుపు పొద్దుటినుంచీ అందులోనే ఉంది. గిన్నె లోపల మాత్రం చిన్న మచ్చైనా లేదు, కడిగిన శంఖంలా ఉంది. ఆయన వంగి, పులుపు ఒక పక్కకు ఒంపి, లోపలంతా వేలితో రాసి చూశాడు.

దీనికి కళాయి ఎప్పుడు వేయించారని అడిగాడు. దీపావళికి అంది అచ్చాయమ్మ. ఏం బాబూ, అంది.

చేపల పులుసు నిలవుండే గిన్నెకి కళాయి ఎందుకు వేయిస్తాం? పులుపు లోహాన్ని తినకుండా. ఇత్తడికి పట్టే తగరం ఇనుముకు ఎందుకు పట్టదు? రేకు డబ్బాలకు ఉన్నది ఆ తగరం పూతేగా. నెలరోజులుగా క్రోమియం, క్రోమియం అని రాజమండ్రికేసి చూస్తూ కూర్చున్నందుకు ఆయన తనలో తనే నవ్వుకున్నాడు.

సైకిలును బస్సు పైన వేయించుకుని ఆ పూటే రాజోలు తిరిగి వచ్చాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడని పద్మావతి గమనించింది. సంగతంతా విని ఆవిడ ఒకటే అడిగింది. వెండి అని మొక్కుకుని తగరం చూపిస్తే మొక్కు తీరినట్టేనా? ఈ సందేహం ఆయనకూ అక్కడ బయల్దేరేముందే వచ్చింది. అచ్చాయమ్మను అడిగితే ఆవిడ చెప్పిన మాటే భార్యకు చెప్పాడు. "నా దగ్గర వెండి లేదని సామికి మొక్కిననాడే తెలుసుగా బాబూ. తెలిసే ఒప్పుకున్నారు." శాస్త్రం చదివినవాళ్ళు దీనికి ఏమంటారో గంగాధరరావుకు తెలియదు. పద్మావతి, అయితే సరే అంది.

కళాయి వేసే కాలేషా సాయిబు మొదట నవ్వాడు. బిందెకు వేశాను, బూరెల మూకుడుకు వేశాను, బండికి ఎన్నడూ వెయ్యలేదన్నాడు. గొట్టం వేడెక్కితే అతుకులు వదిలేస్తాయేమోనని ఆయన భయం. అతుకు ఇత్తడిది, అది కరిగేటంత మంట మనకక్కర్లేదు, తగరం ముందే వెన్నలా కరుగుతుందని గంగాధరరావు ధైర్యం చెప్పాడు గానీ, పాత విరిగిన ఫ్రేము ముక్క ఒకటి ముందు కాల్చి చూసుకునేదాకా తన ప్రాణమూ కుదుటపడలేదు.

అచ్చాయమ్మ మెరుగు చంపిన చోటంతా మళ్ళీ గరుకు కాగితం పట్టి, చక్రాలూ గొలుసూ విప్పేసి, వట్టి ఫ్రేమును షాపు వెనక దొడ్లో పెట్టారు. నేలలో తవ్విన పొయ్యిలో బొగ్గులు రాజేసి, సాయిబు తిత్తి ఊదాడు. ఒక్కొక్క గొట్టాన్నీ నిప్పు మీద తిప్పుతూ వేడిచేసి, తగరం అంటుకోవడానికి నవాసారం పొడి చల్లేసరికి తెల్లటి పొగ గుప్పుమని లేచి ఇద్దరి కళ్ళూ మండాయి. తగరం కడ్డీ ఇలా తాకించి, దూదితో అలా ఒక్క రాపు రాశాడు. బూడిదరంగు గొట్టం మీద తెల్లటి వెలుగు ఒకటి పరుగెత్తింది.

సాయిబు మళ్ళీ రాశాడు. ఆ వెలుగు ఇంకో జానెడు పాకింది.

మూలల్లో తగరం గడ్డకట్టి రెండుసార్లు ఇబ్బంది పెట్టింది. ముందుచక్రం ఫోర్కు దగ్గర ఒకచోట అసలు అంటలేదు, మళ్ళీ తోమి వెయ్యాల్సి వచ్చింది. అంతా అయి, చల్లారాక మెత్తటి గుడ్డతో, సుద్దపొడితో రుద్ది ఎండలో నిలబెట్టారు. క్రోమియంలా కళ్ళు పొడిచే తళుకు కాదది. మొహం స్పష్టంగా కనబడదు. పాతకాలపు వెండి చెంబుకు ఉండే చల్లటి కాంతి. గంగాధరరావుకు అదే నచ్చింది. ఆయన కావాలనే చింతపండు రసం తెచ్చి ఒక మూల రాసి, రాత్రంతా ఉంచి చూశాడు. పొద్దున్న కడిగితే ఎలా ఉన్నది అలాగే ఉంది. రెండు చేతులూ ఉత్తవే పెట్టి ఆ ఫ్రేమును ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరి, చక్రాలూ గొలుసూ మళ్ళీ బిగించాడు.

ఆ పొద్దున్నే తల్లీకొడుకులు బస్సులో వచ్చారు. మర్నాడే ఏకాదశి. అచ్చాయమ్మ సైకిలును చూసి, దూరంగానే ఆగి, కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. పద్మావతి ఆవిడను లోపలికి తీసుకెళ్ళి, వేళ్ళకు వెన్నా పసుపూ రాస్తూ కబుర్లలో పడింది. గిన్నెకు పూత వేసినట్టు మనిషికి వేసేవాళ్ళు లేరు గదమ్మా అని పద్మావతి అంటుంటే, ఇద్దరి నవ్వులూ బయటికి వినబడుతున్నాయి.

అప్పన్న సైకిలెక్కి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. దిగినప్పుడు అతని మొహంలో కూడా ఏదో తేలిక కనబడింది. మొన్న దొడ్లో భయం చెప్పేసుకున్నందువల్ల వచ్చిన తేలిక కాదది. ఇంకేదో.

సైకిలు స్టాండు వేసి, లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"మేస్త్రీగారండీ, ఆ రోజు నావలో నేనొక్కణ్ణే లేనండి."

గంగాధరరావు నట్టు బిగిస్తున్న స్పానరు తీసేసి దగ్గరకు జరిగాడు.

వల తియ్యడానికి వెళ్ళేముందు, ఏటి అవతలి గట్టుకు అర్జెంటుగా దాటించమని ఒకరు బతిమాలితే ఎక్కించుకున్నాడట. ఎవరూ చూడలేదు. నావ తిరగబడ్డాక ఇద్దరూ ఒకే చెక్కను పట్టుకున్నారు. తెల్లారేసరికి చెక్క మీద అప్పన్న ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషి చెయ్యి జారిందో, తనే ఆ చెయ్యి వదిలేశాడో ఈనాటికీ అతనికి తెలియదు. ఊళ్ళో అందరూ స్వామి కాపాడాడంటుంటే, రెండో మనిషి మాట నోటికి రాలేదు. నావ చూస్తే కాళ్ళు జారిపోయింది అందుకే.

"అయ్యో," అన్నాడు గంగాధరరావు. "మరి ఆ మనిషి..."

"పోలేదండి." అప్పన్న కళ్ళు నీళ్ళతో మెరిశాయి. "బతికే ఉన్నారు. ఇందాక సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు దిగుతుంటే చూసేను. బస్సు కదిలిపోతోంది, కిటికీలోంచి చూసేను. నా ప్రాణం లేచొచ్చిందండి."

గంగాధరరావు స్పానరు కింద పెట్టి, స్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. ఒక తల్లి మొక్కుకు ఇద్దరిని ఒడ్డుకు చేర్చాడన్నమాట.

"ఎవరయ్యా ఆ మనిషి?"

"పేరు తెలీదండి. ఆ రోజు నావలో కూర్చుని ఒకటే అడిగేరు. రాజోల్లో సైకిలు షాపు గంగాధరరావుగారు ఇంకా ఉన్నారా అని."

వీధిలో రిక్షా గంట మోగింది. షాపు ముందు ఆగింది. అప్పన్న అటు తిరిగి, రిక్షాలోంచి దిగుతున్న మనిషిని చూసి, వెండిలా మెరుస్తున్న హ్యాండిలు మీద చెయ్యి బిగించాడు.

"వారేనండి," అన్నాడు.

(సశేషం)